‘గెట్’కు వంద అర్థాలున్నాయని ఫ్రెంచివారిని బెదిరించడం ఎందుకు?

ఫ్రెంచివారి కోసం రాసిన ఇంగ్లీషు పాఠాల్లో ‘గెట్’ అనే చిన్న క్రియకు ఇచ్చే అర్థాల పట్టికను చూసినప్పుడల్లా నాకు చిరాకు వేస్తుంది. పొందడానికి ‘ఒబ్తెనీర్’, అందుకోవడానికి ‘రెసువ్వార్’, అవడానికి ‘దెవెనీర్’, చేరుకోవడానికి ‘అరివే’, వెళ్లి తేవడానికి ‘అలే షెర్షే’ అంటూ పేజీ నిండిపోతుంది గానీ, ఆ క్రియకు తలాతోకా లేదన్న నమ్మకం తప్ప చదివినవారికి మిగిలేది ఏమీ ఉండదు.

నిజానికి అర్థాన్ని చాలావరకు తేల్చేది దాని వెనక వచ్చే మాటే. నామవాచకం వస్తే ఏదో చేతికి అందుతుంది, విశేషణం వస్తే స్థితి మారుతుంది, చోటును తెలిపే మాట వస్తే కదలిక ఉంటుంది. ఫ్రెంచిలో ముసలివాడవడానికి ‘వియ్యీర్’, చిక్కిపోవడానికి ‘మెగ్రీర్’, లావెక్కడానికి ‘గ్రోసీర్’ అని మార్పు మొత్తం ఒకే క్రియలో ఇమిడిపోతుంది కాబట్టి, ఆ భాషవారు ఇంగ్లీషులోనూ అలాంటి ఒంటి క్రియ కోసమే వెతుకుతారు; అక్కడ మాత్రం రోజువారీ మాటల్లో ‘గెట్ ఓల్డ్’, ‘గెట్ థిన్’, ‘గెట్ ఫ్యాట్’ అంటారు. పెళ్లి చేసుకోవడం, దారి తప్పడం, బట్టలు వేసుకోవడం వంటివాటికి ఫ్రెంచిలో క్రియ ముందు చేరే, ‘తనను తాను’ అన్నట్టుండే ‘సె’ చేసే పనిని కూడా ఇంగ్లీషులో ‘గెట్’ చేస్తుంది.

కదలిక విషయంలో వారి ఇబ్బంది తెలుగువారికి వెంటనే అర్థమవుతుంది. మనం ఎక్కు, దిగు అన్నట్టే వారు ‘మోంతే’, ‘దెసాంద్ర’ అంటారు. అంటే రెండు భాషలూ కదలిక దిశను క్రియలోనే పెడతాయి. ఇంగ్లీషు ఆ దిశను ఆన్, ఆఫ్, ఇన్, అవుట్ వంటి తోక మాటలకు అప్పగించి ‘గెట్’ క్రియను దాదాపు ఖాళీగా వదిలేస్తుంది. (బస్సుకు ‘ఆన్’, కారుకు ‘ఇన్’ ఎందుకన్నది మరో తగవు.)

అయితే అసలు చిక్కు చరిత్రలో ఉంది. ‘గెట్’ స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి భాషలోని ‘గేటా’ నుంచి వచ్చింది; ఒబ్టెయిన్, రిసీవ్, అరైవ్ వంటివి 1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తరువాతి శతాబ్దాల్లో ఫ్రెంచి నుంచి చేరాయి. అందువల్ల ఇంగ్లీషు పెద్దమనుషుల మాటలు ఫ్రెంచివారికి పుట్టింటి సొమ్ము, వంటింటి మాటలేమో పరాయివి. ‘గెట్’ అంటే జంకినవారు వెంటనే ‘ఒబ్టెయిన్’ను ఆశ్రయిస్తారు, వ్యాకరణం ఎక్కడా తప్పదు, కానీ దుకాణంలో పాలు కొనడం కూడా దస్తావేజు రాసినట్టు వినిపిస్తుంది.

ఇంగ్లీషుకు క్రమశిక్షణ లేదని వారిలో ఎవరైనా వాపోతే నేను ఒప్పుకోను. రైలెక్కడానికి, జలుబు పట్టడానికి, నిర్ణయం తీసుకోవడానికి, చివరికి బరువు పెరగడానికి కూడా ‘ప్రాంద్ర’ అనే ఒక్క క్రియను తడుముకోకుండా వాడేవారు వారే కదా.

కాబట్టి పట్టికను పక్కనపెట్టి, వెనక వచ్చే మాటను బట్టి వాక్యాలను గుంపులుగా నేర్పితే సరిపోతుంది. ఈ పద్ధతికి లొంగనివి కొన్ని ఉంటాయి: అర్థమైందనడానికి ‘ఐ గెట్ ఇట్’, ఉందనడానికి ‘హావ్ గాట్’, తప్పదనడానికి ‘హావ్ గాట్ టు’. వీటిని విడిగా, అదీ చెవితో నేర్పాలి, ఎందుకంటే చివరిది మాటల్లో ‘గాటా’గా కుదించుకుపోయి, కాగితం మీద నేర్చినవారికి అసలు క్రియలాగే వినిపించదు.