తుపాకీ ధర తుప్పులో ఉంది

పాత మిలిటరీ తుపాకీకి వెలకట్టడం మీలాంటి, నాలాంటి వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. చేతులకు తెల్ల నూలు గ్లౌజులు ఉండాలి, జేబులో భూతద్దం ఉండాలి, అన్నిటికీ మించి తుప్పు కనబడగానే కళ్ళు చెమర్చాలి.

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఈ మధ్య అలాంటి తుపాకీ ఒకటి కొన్నాడు. అమెరికా ఫెడరల్ చట్టం లెక్కలో 1898లోగా తయారైనది అసలు తుపాకీయే కాదు, పురాతన వస్తువు. హాల్లో బుద్ధుడి బొమ్మ పక్కన తగిలించుకున్నా అడిగేవాడు లేడు. దానికి కట్టిన అట్టముక్క మీద ‘1857 తిరుగుబాటులో భారతీయ సిపాయి వాడిన ఎన్‌ఫీల్డ్’ అని రాసుంది. వాడిచ్చిన డబ్బులో సగం ఆ అట్టముక్కకే పోయింది.

ఆ సిపాయిలు తిరగబడిందే కొత్తగా వచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా నోట పెట్టం అని కదా! కొవ్వు పూసిన కాగితం పళ్ళతో కొరకమన్నారన్న కథ ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి లేపి అడిగినా చెబుతాడు. తిరగబడ్డాక కూడా వాళ్ళలో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి పాతకాలం మస్కెట్ తుపాకులే. పోనీ, అదంతా మరిచిపోదాం. తుపాకీ పక్కనున్న లాక్ ప్లేటు అనే ఇనుప రేకు మీద కిరీటం గుర్తు పక్కనే 1859 అని అచ్చు కొట్టి ఉంది. సిపాయి రెండేళ్ళు ముందుకెళ్ళి తెచ్చుకున్నాడు కాబోలు.

ఈ వ్యాపారంలో ఇవన్నీ మామూలే. అఫ్గాన్ సరిహద్దులోని ఖైబర్ కనుమ దగ్గరి కొలుముల్లో చేత్తో చేసిన నకిలీ మార్టినీ-హెన్రీ బ్రిటిష్ రైఫిళ్ళ మీద విక్టోరియా రాణి ముద్ర ఉంటుంది, దాని కింద ఆవిడ పోయిన 1901 తర్వాతి సంవత్సరం ఉంటుంది, ఎన్‌ఫీల్డ్ అన్న మాటలో ఇంగ్లీషు అక్షరం ఒకటి తిరగబడి ఉంటుంది. అవీ అమ్ముడుపోతాయి. 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలోని రోర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర జులూ సైన్యాన్ని ఆపిన బ్రిటిష్ సైనికులు మొత్తం 150 మంది చిల్లర. ‘అక్కడ పేలిందే సార్ ఇది’ అని అమ్మేవాళ్ళ మాటలన్నీ నమ్మితే, ఆ రాత్రి తలా పది తుపాకులు మోసి ఉండాలి పాపం.

సరే, మావాడి సంగతికొద్దాం. వెలకట్టే నిపుణుడు శనివారం వస్తానన్నాడు. శుక్రవారం వీడు ఆఫీసుకెళ్ళాడు. ఇంట్లో పిన్ని ఒక్కతే ఉంది. తెనాలి నుంచి విజిటర్ వీసా మీద వచ్చి, చెయ్యడానికి పనేమీ లేక విసిగిపోయి ఉంది. రేపు ఎవరో పెద్దమనిషి చూడ్డానికి వస్తాడట, వస్తువేమో మసిబారి ఉంది. ఆవిడ ఊరుకుంటుందా! చింతపండు నానబెట్టింది. మడమకున్న ఇత్తడి రేకు, ట్రిగ్గర్ గార్డు, గొట్టం కొసనున్న ఇత్తడి తొడుగు, మూడూ దేవుడి గదిలో కుందుల్లాగా తళతళలాడే దాకా తోమింది. గొట్టం కూడా అలా మెరవలేదని బాధపడి స్టీలు పీచు తీసుకుంది. నూట అరవై ఏళ్ళు పట్టిన గోధుమరంగు సింకులోంచి డాలస్ మున్సిపాలిటీ కాలవలోకి పోయింది. చెక్క మీద ఏవో ముద్రలు గరుగ్గా తగులుతుంటే వాటినీ నున్నగా రుద్ది కొబ్బరినూనె పట్టించింది. చివరికి ఎంతైనా ఆయుధం కదా అని పసుపు రాసి మూడు చోట్ల కుంకుమ బొట్లు పెట్టింది.

నిపుణుడు వచ్చాడు. గ్లౌజులు తొడుక్కున్నాడు. తుపాకీ చూశాడు. గ్లౌజులు తీసేసి కూర్చున్నాడు. మంచినీళ్ళడిగాడు.

“ఇప్పుడు చూడముచ్చటగా లేదుట్రా? ఆయన్నే అడుగు,” అంది పిన్ని కాఫీ ఇస్తూ.

ధరలో సగానికి సగం కోసేశాడు. ఇత్తడికింత, గొట్టానికింత, చెరిగిన ముద్రలకింత అని కాగితం మీద విడివిడిగా రాసి మరీ. పోతూ పోతూ ఎందుకో గొట్టంలోకి టార్చి వేసి చూశాడు. మొహం వెలిగిపోయింది. లోపల గాడులు లేవు! నున్నగా ఉంది! ‘అరుదైన రకం’ అంటూ ధర మళ్ళీ కొంచెం పెంచాడు.

ఎందుకు నున్నగా ఉందో తెలుసా? గుండు సూటిగా, దూరంగా పోవాలంటే గొట్టం లోపల మెలిగా తిరిగిన గాడులుండాలి. 1857 తర్వాత తెల్లదొరలు తమ సైనికులకు గాడులున్న ఎన్‌ఫీల్డ్ ఉంచుకుని, మనవాళ్ళ కోసం గాడులు లేని రకం వేరే చేయించారు. మొదట మంచి రైఫిల్ గొట్టాలనే లోపల తొలిచి నున్నగా చేశారు. గోడ పలచబడి ఉబ్బిపోతుంటే 1859లో మందం పెంచారు. గురి చూడ్డానికి దూరాన్ని బట్టి సర్దుకునే సైటు పీకేసి ఒక మొద్దు ముక్క బిగించారు. తమ జెండా కింద, తమ జీతం మీద, తమ కోసం చావడానికి నిలబడ్డ మనిషి గుండు గురి తప్పాలని కొలతలు వేసి, నమూనా గీసి, కార్ఖానాలో వేలకు వేలు చేయించిన నీచం అది! రెండో అఫ్గాన్ యుద్ధంలో గోరాల చేతికి మార్టినీలు, పక్కనే మనవాళ్ళకి పాతబడ్డ స్నైడర్ రైఫిళ్ళు. ఆ యుద్ధం మొదలైన 1878లోనే ఆయుధాల చట్టం తెచ్చి మనకు లైసెన్సు, యూరోపియన్లకు మినహాయింపు. 1922 ఆగస్టులో అల్లూరి దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లకు వెళ్ళి తుపాకులు తెచ్చుకున్నదంటే మరి వాళ్ళకు ఎవరమ్ముతారు?

పైన తుప్పు గీకినందుకు మా పిన్నికి సగం కోత. లోపల గాడులు గీకేసిన దొరతనానికి బోనస్. సిగ్గులేని లెక్క!

మావాడికి మాత్రం నా ఆవేశంతో పని లేదు. తుప్పు మళ్ళీ త్వరగా పట్టే మార్గం చెప్పమని ఫోన్ మీద ఫోన్. కాకినాడ పంపరా, సముద్రపు గాలికి ఒక్క వర్షాకాలం చాలు అన్నాను. కానీ వందేళ్ళు దాటిన వస్తువు ఇక్కడికి వచ్చిందంటే 1972 నాటి పురాతన వస్తువుల చట్టం ప్రకారం దాన్ని మళ్ళీ దేశం దాటించడం వాడి తరం కాదు. పైగా కస్టమ్స్‌కి తుపాకీ కనబడుతుంది గానీ పురాతనత్వం కనబడదు. పిన్ని వీసా ఇంకో నాలుగు నెలలుంది. ఈలోగా తుప్పు పట్టినా నిలవదు.