నిమిషానికి వంద లీటర్ల ఐరనీ

అపార్ట్‌మెంట్లలో మనుషులకు పేర్లుండవు, నంబర్లుంటాయి. కాబట్టి ఇందులో పాత్రలన్నీ నంబర్లే. 201 అంటే ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరైన పెద్దాయన. 402 తెలుగు మాస్టారు, ఉభయభాషా ప్రవీణ. 302 సాఫ్ట్‌వేర్ కుర్రాడు. 303 బ్యాంకులో చేసి దిగినాయన. చేతిలో ఎప్పుడూ ఫోను, ఫోనులో ఎప్పుడూ క్యాలిక్యులేటరు. 104 బామ్మగారిది రాజమండ్రి. సెక్రటరీ గారిది 101, కానీ ఆయన్ని సెక్రటరీ గారూ అనే పిలవాలి, నంబరుకి పలకరు.

హైదరాబాదు, ఏప్రిల్ ఆఖరు. బోరు ఎండి నెలయింది. నల్లా రోజు విడిచి రోజు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి కింద పార్కింగులో నీటి పొదుపు మీద మీటింగు పెట్టారు.

ముందు నీళ్ళ లెక్క చెప్పుకోవాలి. ఆ రోజు సంపులో మోటారుకి అందే నీళ్ళు ఎనిమిది వేల లీటర్లున్నాయి. పైన అయిదు వేల లీటర్ల ట్యాంకు ఖాళీ. ఒక హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారు అయిదంతస్తులకి నిమిషానికి సుమారు వంద లీటర్లు ఎక్కిస్తుంది. అంటే యాభై నిమిషాలకి ట్యాంకు నిండాలి. వాచ్‌మన్ సరిగ్గా ఆరింటికి స్విచ్ వేశాడు. ఆరూ యాభైకి కట్టేయాలి.

మామూలు రోజుల్లో ట్యాంకు నిండిన సంగతి దాచినా దాగదు. వాచ్‌మన్ స్విచ్ దగ్గరే స్టూలు వేసుక్కూర్చుంటాడు. అతను కునుకు తీసినా, వెనక గోడ వెంట దిగే ఓవర్‌ఫ్లో పైపులోంచి ధార పడడం నలుగురికీ కనబడుతుంది. చూడకపోయినా ఆ చప్పుడు మొదటి అంతస్తు దాకా వినబడుతుంది. ఆ సాయంత్రం ఏమైందంటే, "నీటి బొట్టు - రేపటికి మెట్టు" అని అచ్చేయించిన పన్నెండడుగుల ఫ్లెక్సీకి ఒక కొసను స్తంభానికి కట్టారు, రెండో కొసకి కట్టడానికి ఏమీ దొరక్క వాచ్‌మన్ చేతికిచ్చారు. ఆ ఫ్లెక్సీ సరిగ్గా ఓవర్‌ఫ్లో పైపుకి అడ్డం వచ్చింది. ఇక చప్పుడంటారా, సెక్రటరీ గారు అద్దె స్పీకరు తెప్పించారు. ఇరవై ఫ్లాట్ల మీటింగుకి స్పీకరెందుకని అడిగితే ఆయనకి కోపం వస్తుంది.

ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ అనేది కూడా ఒకటుండాలి. నీళ్ళతో పాటు పైకి లేచి మోటారుని తనే ఆపేస్తుంది. అది పాడై రెండు సంక్రాంతులు దాటింది. దాని బదులు ఆటోమేటిక్ లెవల్ కంట్రోలర్ బిగించడం ఆ రోజు ఎజెండాలో మూడో అంశం. ఒకటో అంశం స్వాగతం, రెండోది సెక్రటరీ గారి ఉపన్యాసం.

ఆరూ యాభై రెండుకి వాచ్‌మన్ "సార్, మోటరు..." అన్నాడు. "ప్రశ్నలు చివర్లో" అన్నారు సెక్రటరీ గారు. ఆరూ యాభై ఆరుకి మళ్ళీ "సార్, ట్యాంకి..." అన్నాడు. మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి కళ్ళురిమారు. సరిగ్గా ఏడింటికి సెక్రటరీ గారు స్వరం పెంచి, "ఇకమీదట మన ఆవరణలో ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్క చుక్క కూడా వృథాగా..." అని నాటకీయంగా ఆగారు.

"వచ్చింది సార్" అన్నాడు వాచ్‌మన్.

ఫ్లెక్సీ కిందినుంచి సన్నగా వచ్చి, ముందు వరసలో ఉన్న 201 గారి చెప్పుల కింద చేరింది నీరు. అప్పటికి వెయ్యి లీటర్లు.

అప్పుడే ఎవరైనా లేచి మోటారు కట్టేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ 302 కుర్రాడు ఫోను తీసి ఫొటో కొడుతూ, "అబ్బ, ఐరనీ అంటే ఇదే!" అన్నాడు. 201 గారు కాళ్ళు పైకి పెట్టుకుని, "కాదు బాబూ. ఇది ఐరనీ కాదు, కాకతాళీయం" అన్నారు.

ఐరనీ అనే మాట ఐరోనేయా అనే గ్రీకు మాటలోంచి వచ్చింది. గ్రీకు ప్రహసనాల్లో ఐరోన్ అని ఒక పాత్ర, తెలిసీ తెలియనట్టు నటిస్తాడు. వాడికి ఎదురు అలజోన్, తెలియకపోయినా డబ్బా కొట్టుకుంటాడు. ఐరోన్ అమాయకంగా నాలుగు ప్రశ్నలు వేసి అలజోన్ గాలి తీసేస్తాడు. కనుక ఐరనీకి మనిషి కావాలి, మనసులో ఒకటీ మాటలో ఒకటీ ఉండాలి అని 201 గారి వాదం. "నీళ్ళకి మనసెక్కడిది?" అన్నారు. 1926లో ఫౌలర్ రాసిన ఇంగ్లీషు వాడుక నిఘంటువు కూడా ఆయన పక్షానికే వచ్చింది. ఐరనీకి ఇద్దరు శ్రోతలు కావాలంటాడు ఫౌలర్: విని అర్థం చేసుకోనివాడొకడు, తను అర్థం చేసుకుని, మొదటివాడికి అర్థం కాలేదని కూడా గ్రహించేవాడొకడు. అర్థం చేసుకోనివాళ్ళకి అక్కడ కొదవ లేదు.

ఫౌలర్ పూర్తయ్యేసరికి పదమూడు వందల లీటర్లు.

"మీ గ్రీకులెందుకండీ" అని కుర్చీ ముందుకి జరుపుకున్నారు 402 మాస్టారు. "మన ఆలంకారికులు దీన్ని ఎప్పుడో ముక్కలు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకి ఒక్కో పేరు పెట్టారు."

"తెలుసు, వ్యాజనింద. పొగుడుతున్నట్టు తిట్టడం" అన్నారు 303.

మాస్టారి మొహం చూడాల్సింది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. పొగుడుతున్నట్టు తిట్టినా, తిడుతున్నట్టు పొగిడినా అప్పయ్య దీక్షితుల కువలయానందం ప్రకారం రెండూ వ్యాజస్తుతే. వ్యాజనింద వేరు. అక్కడ తిట్టు ఒకరికి, తగిలేది ఇంకొకరికి. "ఓ బ్రహ్మా! నీ తల ఒక్కటే నరికి ఊరుకున్నాడే, ఆయన్ననాలి" అంటే, మాట శివుడి మీద, దెబ్బ బ్రహ్మ మీద.

ఇంతలో బామ్మగారు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని లేచి, "నిన్నని ఏం లాభం నాయనా సెక్రటరీ, నిన్నెన్నుకున్నవాళ్ళననాలి" అన్నారు.

"అదీ! శుద్ధమైన వ్యాజనింద!" అని మాస్టారు చప్పట్లు కొట్టారు. సెక్రటరీ గారు కూడా, తిట్టు తనకి కాదనుకుని, కొట్టారు. పదిహేడు వందలు.

బామ్మగారు అంతటితో ఆపలేదు. "ఆహా, ఏం పొదుపు! మహా వెలగబెట్టారు. నూరేళ్ళు ఇలాగే పొదుపు చేస్తూ చల్లగా ఉండండి" అన్నారు. ఈసారి 201 గారికీ 402 గారికీ ఒకేసారి ఊపు వచ్చింది. ఒకరు ఇది ఐరనీ అంటారు, ఇంకొకరు విపరీత లక్షణ, అంటే అన్న మాటకి సరిగ్గా ఎదురు అర్థం తీసుకోవడం, అంటారు. కావ్యప్రకాశంలో మమ్మటుడు ఎత్తిచూపిన శ్లోకం ఇలాంటిదే: "ఉపకృతం బహు తత్ర కిముచ్యతే", ఎంతో ఉపకారం చేశావు, ఏం చెప్పను, నీ మంచితనం బయటపడింది, ఎప్పుడూ ఇలాగే చేస్తూ వందేళ్ళు సుఖంగా ఉండు మిత్రమా. అపకారం చేసినవాడితో అంటున్న మాట అది. బామ్మగారు కావ్యప్రకాశం చదవలేదు. "మా వైపు దీన్ని వెటకారం అంటాం" అని కూర్చున్నారు.

నిజానికి తెలుగులో వెటకారం తిని వదిలేసిన మాటలు బోలెడు. వెలగబెట్టడమంటే ప్రకాశింపజేయడం, ఇప్పుడు దీపం తప్ప అన్నీ వెలగబెడతారు. నిర్వాకమంటే పని నిర్వహించడం; "నీ నిర్వాకం తెలిసింది" అంటే ప్రమోషనొచ్చిందని ఎవరూ సంతోషించరు. ప్రబుద్ధుడంటే జ్ఞానోదయమైనవాడు. ఈ మాటని మెచ్చుకోలుగా వాడిన మనిషి కనబడితే చూడాలని ఉంది. ఇన్ని మాటల్ని వెటకారానికే అంకితం చేసిన జాతికి ఐరనీ అన్న దానికి ఒక్క మాట దొరకడం లేదని అప్పుడు కొట్టుకుంటోంది.

అసలు చిక్కు తాటిపండు దగ్గర వచ్చింది. కాకతాళీయమంటే కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలడం, అదే క్షణాన పండు రాలడం. కాకికీ పండుకీ సంబంధం లేదు. "అలాగే మీటింగుకీ మోటారుకీ సంబంధం లేదు" అన్నారు 201.

"మరి ధర ఖర్వాటుడొకండు?" అన్నారు మాస్టారు.

తెలుగు పుస్తకం పట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన బట్టతల అది. భర్తృహరి శ్లోకాన్ని ఏనుగు లక్ష్మణకవి తెనిగించాడు. మాడు మండిపోతుంటే ఒకడు నీడ కోసం పరుగెత్తి తాటిచెట్టు కిందికి చేరాడు. పండు పడి తల పగిలింది, అదీ చప్పుడుతో సహా. చెట్టదే, పండదే. కానీ కాకి తల కాపాడుకోవడానికి రాలేదు, ఊరికే వాలింది. బట్టతలాయన తల కాపాడుకోవడానికే అక్కడికి వెళ్ళాడు, కాపాడుకోబోయిన తలే పగిలింది. కాకతాళీయానికీ ఐరనీకీ మధ్య గీత ఎక్కడుందంటే ఇక్కడే ఉంది. పండుని చూడకూడదు, కింద నిలబడ్డవాడు ఎందుకు వచ్చాడో చూడాలి.

మాస్టారు దీనికి పేరు కూడా చెప్పారు: విషమాలంకారంలో ఒక రకం. మేలు కోరి పని మొదలుపెడితే కీడు తగులుకోవడం. కువలయానందంలో ఉదాహరణ ఎలుకది. బుట్టలో తినడానికేదో ఉందని ఎలుక కొరికింది, ఉన్నది పాము, పామే ఎలుకని తింది.

"శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు" అన్నారు 303.

"బల్లి ఏ ప్రయత్నమూ చేయలేదు, దాన్నిందులోకి తేకండి" అన్నారు 201. శాస్త్రీయంగా ఆయనన్నది సరే. బల్లి నీడ కోసమూ వెళ్ళలేదు, తిండి కోసమూ వెళ్ళలేదు, ఊళ్ళోవాళ్ళ జాతకాలు చెబుతూ తనది చూసుకోలేదు, అంతే. అది వేరే జాతి ఐరనీ. కానీ ఆ బల్లిని తొట్టిలోంచి తీయడానికి నాలుగు నిమిషాలు, అంటే నాలుగు వందల లీటర్లు పట్టాయి.

అప్పుడు 302 కుర్రాడు ఒక మంచి మాట అన్నాడు. సాఫ్ట్‌వేర్‌లో తప్పెక్కడుందో తెలియకపోతే ఒక్కొక్కటీ తీసేసి చూస్తారట. "మీటింగు తీసేసి చూడండి అంకుల్. ట్యాంకు పొంగేదా?"

మొదటిసారి అందరూ వాచ్‌మన్ వైపు తిరిగారు.

"మీటింగు లేకుంటే నేను స్విచ్ కాడనే ఉంటుంటి సార్. పైపు కనబడుతుండె. సప్పుడు ఇనబడుతుండె. ఇప్పుడు బంద్ జేద్దునా?"

"ఉండవయ్యా! ముఖ్యమైన పాయింటు చెప్పావు, కదలకు" అన్నారు మాస్టారు. పాయింటు ముఖ్యమైనదే. కాపలా పెట్టినవాణ్ణి, కనబడేదాన్ని, వినబడేదాన్ని మూడింటినీ మీటింగే మూసేసింది. నీళ్ళు కాపాడడానికి పెట్టిన మీటింగు పొంగించిన నీళ్ళివి. ఎలుక కూడా ఇంత పద్ధతిగా బుట్ట కొరకలేదు. 201 గారు ఓటమి ఒప్పుకున్నారు, కానీ ఇంగ్లీషులో ఒప్పుకున్నారు: "సిట్యుయేషనల్ ఐరనీ అయితే సరే."

గొడవ అక్కడితో తీరాలి. అయితే వాచ్‌మన్‌కి ఏడుకి పది నిమిషాల ముందు నుంచే తెలుసు, సెక్రటరీ గారికి తెలియదు, మరి ఇది డ్రమాటిక్ ఐరనీ కూడా కాదా అని 303 కొత్త పేచీ తెచ్చారు. మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. సంస్కృత నాటకాల్లో దీనికి దగ్గరగా పతాకాస్థానకం ఉంది, అంటే ఒకందుకు అన్న మాట రాబోయే ఇంకోదాన్ని సూచించడం. భవభూతి ఉత్తరరామచరితంలో రాముడు నిద్రలో ఉన్న సీతని చూస్తూ, ఈమెలో నాకు ప్రియం కానిదేముంది, భరించలేనిది విరహమొక్కటే అంటాడు. ఆ మాట నోట్లో ఉండగానే ప్రతీహారి, అంటే వాకిలి కాపలా మనిషి, లోపలికి వచ్చి "దేవా, వచ్చాడు" అంటుంది. వచ్చినవాడు దుర్ముఖుడు, మోసుకొచ్చింది సీత మీద లోకాపవాదు. విరహమే గుమ్మంలోకి వచ్చిందని ప్రేక్షకుల గుండె గుభేలుమంటుంది.

"మన వాచ్‌మనూ 'వచ్చింది సార్' అనే కదా అన్నాడు!" అని మాస్టారు లేచి నిలబడ్డారు. ఏడూ ఇరవై.

అప్పుడు మోటారు గొంతు మారింది. నీళ్ళు తోడుతున్నంతసేపూ నిండుగా, మెత్తగా మోగే మోటారు గాలి పీల్చుకోగానే గరగరలాడి, తర్వాత సన్నగా కీచుమంటుంది. ఎనిమిది వేలల్లో అయిదు వేలు పైకెళ్ళాయి, మూడు వేలు కాలవలోకెళ్ళాయి, సంపులో పైపు కొసనుండే ఫుట్‌వాల్వ్‌కి అందని అడుగు నీళ్ళు మాత్రం మిగిలాయి. మోనోబ్లాక్‌లో షాఫ్టు చుట్టూ ఒక సీలుంటుంది. దాని రెండు ముఖాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతాయి, మధ్యలో ఉండే నీటి పొరే వాటికి చలవ, అదే నూనె. ఆ పొర లేకుండా తిప్పితే నిమిషాల్లో వేడెక్కి పగుళ్ళిస్తుంది. ఆ తర్వాత మోటారు పనిచేస్తుంది కానీ, నీళ్ళు పైకి ఎంత పోతాయో పక్కనుంచీ అంత కారుతాయి.

వాచ్‌మన్ ఇక ఎవర్నీ అడగలేదు. ఫ్లెక్సీ వదిలేసి పరుగెత్తాడు. పన్నెండడుగుల నీటి బొట్టు 201 గారినీ 402 గారినీ కలిపి కప్పేసింది. వెనక పైపు చివర ఆఖరి చుక్కలు టప్ టప్ మంటున్నాయి. ఫ్లెక్సీ లోపలినుంచి "ఇది మాత్రం కాకతాళీయమే" అని ఒక గొంతు, "ఎలా అవుతుందండీ" అని ఇంకో గొంతు వినబడ్డాయి.

303 గారు లెక్క తేల్చారు. అయిదు వేల ట్యాంకరులో అరవై శాతం పోయింది, సీలుకి మెకానిక్ ఖర్చు అదనం. రెండూ కలిపితే లెవల్ కంట్రోలర్ వచ్చేది.

సెక్రటరీ గారు తడి కుర్చీ తుడుచుకుని కూర్చుని, మినిట్స్ పుస్తకం తెరిచి, నిదానంగా గుండ్రటి అక్షరాలతో రాశారు: "నీటి పొదుపుపై సభ్యులు ఉత్సాహంగా చర్చించారు. 3వ అంశం: ఆటోమేటిక్ లెవల్ కంట్రోలర్. ప్రస్తుతం సంపులో నీళ్ళు లేనందున దీని అవసరం కనబడడం లేదు. వచ్చే సమావేశానికి వాయిదా."

మాస్టారు భుజం మీదుగా వంగి చదివి, "ఇది మీరు వ్యంగ్యంగా రాశారా, మామూలుగానే రాశారా?" అని అడిగారు.

"ఏం మాస్టారూ, అక్షరదోషం ఉందా?" అన్నారు సెక్రటరీ గారు.