ఆరు చుక్కల చాకు గారికి సంజాయిషీ

మహారాజశ్రీ 6318 నంబరు మడత చాకు గారి దివ్య సముఖానికి, పెన్సిల్వేనియా రాష్ట్రంలో తమరికి నూనె రాసి, మెత్తటి బట్టతో తుడిచి, మళ్లీ పెట్టెలో పడుకోబెట్టే ఉద్యోగంలో పన్నెండేళ్లుగా జీతం లేకుండా కొనసాగుతున్న సేవకుడు వ్రాసుకునే విన్నపం.

గత దసరా పండుగలో మా ఇంట్లో తమరికి జరిగిన అపచారానికి లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇచ్చుకోవలసిన బాధ్యత నా మీద ఉంది. జరిగినది తమరికి తెలియనిది కాదు. అయినా దాన్ని నలుగురి ముందు ఒప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేలా లేదు కనుక, ముందు తమరెవరో, నేనెవరో చదివేవారికి మనవి చేసి, తరువాత అసలు విషయానికి వస్తాను.

తమరు 1974లో పుట్టారు, నేనూ 1974లోనే పుట్టాను. నా పుట్టిన తేదీ మా బడి పంతులు గారు తన సౌకర్యం కొద్దీ రిజిస్టరులో వేసుకున్నది. తమరి పుట్టుకకు మాత్రం ఉక్కు మీద సాక్ష్యం ఉంది. తమరిని కన్న డబ్ల్యూ. ఆర్. కేస్ కంపెనీ వారు 1965లో తమ ముద్రకు యు.ఎస్.ఎ. అనే అక్షరాలు చేర్చారు. 1970లో దాని కింద పది చుక్కలు పెట్టి, అక్కడి నుంచి ఏడాదికొక చుక్క చొప్పున తీసివేస్తూ వచ్చారు. పది చుక్కలుంటే 1970, ఆరుంటే 1974, ఒకే ఒక్కటి మిగిలితే 1979. 1980లో ముద్రలోని ఎస్ అక్షరాన్ని మెరుపుతీగలా వంకర తిప్పి, మళ్లీ పది నుంచి లెక్క మొదలుపెట్టారు. తమరి నంబరు కూడా జాతకచక్రం వంటిదే. మొదటి అంకె 6 పిడి ఎముకతో చేసినదని, తరువాతి 3 కోసే అలుగులు మూడని చెబుతాయి. చివరనున్న 18 తమరి అచ్చు, అంటే నమూనా, సంఖ్య. పుట్టిన ఏడాది చాకును వెతికి సంపాదించడం సేకర్తలలో ఒక ఆచారం. నేను కూడా భూతద్దం పట్టుకుని సంతల వెంట తిరిగి తిరిగి, మూడేళ్ల తరువాత తమరి చుక్కలు లెక్కపెట్టి, ఆరు రాగానే బేరం ఆడడం మరచిపోయాను.

ఇద్దరం ఒకే ఏడు పుట్టినా మన మధ్య పోలిక అక్కడితో సరి. నా గుండెలో రెండు స్టెంట్లు ఉన్నాయి, మోకాళ్లు మెట్లు చూడగానే మొరాయిస్తున్నాయి, చత్వారం వచ్చి పదేళ్లయింది. తమరి ఒంటి మీద గోటి గీత కూడా లేదు. దీనికి కారణం తమరి ఉక్కు గొప్పతనమని నేను చాలాకాలం నమ్మాను. అసలు కారణం వేరు. యాభై ఏళ్ల జీవితంలో తమరు ఒక్క పని కూడా చేయలేదు. కర్మాగారంలో పెట్టిన పదును పెట్టినట్లే ఉంది, అలుగుకు సాన తగలలేదు. మా సేకర్తల పరిభాషలో దీన్ని మింట్ అంటారు. తమరి ధరంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

మా ప్రకాశం జిల్లాలో ఎద్దును కొనేవాడు మొదట మెడ తడిమి చూస్తాడు. కాడి మోసిన కాయ గట్టిగా ఉంటే ఇది పనికి అలవాటు పడినదని సంతోషిస్తాడు. చాకును కొనేవాడి మొదటి ప్రశ్న దీన్ని ఎప్పుడైనా సాన పట్టారా అని. పట్టామంటే ముఖం ముడుచుకుంటాడు, దీనితో యాపిల్ కోశామంటే లేచి వెళ్లిపోతాడు. కోయడానికి పుట్టిన వస్తువు కోసిందని తెలియగానే విలువ పోగొట్టుకునే లోకం మరొకటి ఎక్కడైనా ఉందేమో తమరే సెలవివ్వాలి.

పైగా తమరు సామాన్య వంశీకులు కారు. తమరి అచ్చును స్టాక్‌మన్ అంటారు, అంటే పశువులు కాచేవారి చాకు. కొన పైకి తిరిగిన పొడవాటి అలుగు అన్ని పనులకూ వస్తుంది. గొర్రె గిట్ట పేరు పెట్టుకున్న మొండి కొన అలుగు తిన్నగా కోతలు పెట్టడానికి పనికి వస్తుంది. స్పే అనే మూడవది కోడెదూడలను ఎద్దులుగా మార్చే శస్త్రచికిత్సకు ఉద్దేశించినది. పొరపాటున పొడుచుకోకుండా దాని కొనను కావాలనే మొద్దు చేశారు. ఈ మూడింటినీ మూడున్నర అంగుళాల పిడిలో ఒకదానికొకటి తగలకుండా సర్దిన పనివాడికి నమస్కరించవలసిందే. అయితే నేనుండేది మూడవ అంతస్తులో, కుక్కను కూడా పెంచనివ్వని అపార్టుమెంటులో. ఇక్కడ స్పే అలుగుకు తగిన పని నేను ఎంత ఆలోచించినా తట్టలేదు, తట్టకపోవడమే ఇంటిల్లిపాదికీ క్షేమం.

పిడి విషయం వేరుగా చెప్పాలి. ఈ కాలంలో కేస్ వారు పిడులకు వాడే ఎముక బ్రెజిల్ దేశపు జెబూ పశువుల కాలి ఎముక. బ్రెజిల్‌లోని జెబూ పశువులలో సింహభాగం నెలోర్ అనే జాతి. ఆ నెలోర్ మరెవరో కాదు, 19వ శతాబ్దంలోనూ ఆ తరువాతా ఓడలెక్కి వెళ్లిన మా ఒంగోలు గిత్తల సంతతి. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక పశువుకు జిల్లా పేరు అంటుకుంది. మా తాత సావిట్లో కట్టేసుకున్న జాతి సముద్రాలు దాటి, పెరిగి పెద్దదై, దాని కాలి ఎముక పెన్సిల్వేనియా చేరి, రంగు వేయించుకుని, గాట్లు కొట్టించుకుని, నిగనిగలాడే పిడిగా మారిందన్నమాట. అలాంటి పిడి ఉన్న కొత్త చాకు ఒకదాన్ని నేను అమ్మకపు పన్నుతో సహా డాలర్లు పోసి కొనుక్కుని, చూడండి ఎంత అందమైన విదేశీ వస్తువో అని మా ఊరివాళ్లకు ఫోటోలు పంపించాను. ఎముక తరువాత కొమ్ము. పాత చాకుల పిడులకు పేరెన్నికగన్న కొమ్ము మన దేశపు కణుజు కొమ్ము. 1990ల చివర భారత ప్రభుత్వం దాని ఎగుమతిని ఆపివేసిన తరువాత, అడవిలో జింక వదిలిపోయిన కొమ్ముకు ఇక్కడ నగల దుకాణం గౌరవం దక్కుతోంది.

ఈ సోమరితనం తమరొక్కరిదే అని నేను నిందించడం లేదు. ఇంగ్లండులోని షెఫీల్డ్ పట్టణంలో జోసెఫ్ రోడ్జర్స్ కంపెనీ వారు 1822లో ఒక చాకు చేశారు. ఆ సంవత్సరానికి సరిపోయేలా దానికి 1,822 అలుగులు పెట్టారు, తరువాతి కాలంలో మరికొన్ని చేర్చుతూ పోయారు. పళ్లన్నీ బయటపెట్టిన ముళ్లపందిలా ఉండే ఆ వస్తువును చేత్తో పట్టుకోవడానికి ఎక్కడా చోటు లేదు, దానితో నిమ్మకాయ కోయడం దేవుడి తరం కూడా కాదు. చాకు కోయకపోయినా ఫరవాలేదు, లెక్కకు వస్తే చాలునని ఆనాడే నిర్ణయం జరిగిపోయింది. తమరు దాన్ని శిరసావహించారు, అంతే.

మార్కెట్టు కూడా తమరి పక్షమే. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎలెన్‌విల్‌లో 2004లో ష్రేడ్ చాకుల కర్మాగారం మూతపడింది, 2007లో కమిలస్ చాకుల కంపెనీ మూతపడింది. అంతకుముందు హార్డ్‌వేరు కొట్లలో మేకుల డబ్బాల పక్కన ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న చాకులు కాస్తా ఆ మరునాటి నుంచి వారసత్వ సంపద అయ్యాయి. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అన్నారా! గిరాకీ పెరిగేకొద్దీ దొంగ సరుకూ పెరిగింది. నేను కొన్న నూరేళ్ల నాటి చాకు ఒకటి మూడు వేర్వేరు చాకుల ముక్కలతో ఎవరో కుదిర్చిన అతుకుల బొంత అని తెలిసిన రోజున నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

తమరిని పరీక్షించే పద్ధతి కూడా మనవి చేస్తాను. అలుగును గోటితో లాగుతూ వెనుకనున్న స్ప్రింగు ఎంత గట్టిగా ఎదురు తిరుగుతుందో చూస్తారు, చివర టక్కుమని పడే శబ్దం చెవి పెట్టి వింటారు. దీన్ని వాక్ అండ్ టాక్ అంటారు, అంటే తమరి నడకా, తమరి పలుకూ. వెనకటి పెళ్లిచూపుల్లో అమ్మాయిని నాలుగడుగులు నడిపించి, పేరేమిటమ్మా అని అడిగి మాట్లాడించిన పెద్దలు ఇంతకంటే ఎక్కువేమీ చేయలేదు. ఇంత పరీక్ష చేసినా తెరచిన అలుగుకు తాళం ఉండదు. స్ప్రింగు ఒత్తిడి మీద నిలబడుతుంది తప్ప గట్టిగా వెనక్కి నొక్కితే మడత పడి వేళ్ల మీదికి వస్తుంది. అంటే తమరు మాట ఇచ్చి నిలబడే రకం కాదు, మొహమాటానికి నిలబడే రకం.

ఇక సేవల సంగతి. తమరి కీళ్లలో వేయడానికి, ఇక్కడి మందుల దుకాణాల్లో మలబద్ధకానికి అమ్మే మినరల్ ఆయిలు సీసా కొనడానికి వెళ్లినప్పుడల్లా కౌంటరులోని పిల్ల నా వైపు జాలిగా చూస్తుంది. కొబ్బరినూనె రాస్తే చలికి గడ్డకడుతుందట. తోలు సంచిలో ఉంచితే తోలులోని రసాయనాలకు ఉక్కు తుప్పు పడుతుంది, ఇత్తడి చిలుము పడుతుంది. అన్నింటికంటే ప్రమాదం సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్‌తో చేసిన పాత పిడులు. ఏళ్లు గడిచాక అవి తమంతట తామే కుళ్లి, ఆమ్లపు ఆవిరి వదులుతూ, తమ అలుగులనే కాక అదే పెట్టెలో ఉన్న ఇరుగుపొరుగు చాకులను కూడా తినేస్తాయి. అలాంటి వాటిని రెండింటిని వేరే డబ్బాలో వెలివేసి ఉంచాను. వారానికోసారి మూత తీసి వాసన చూసి వస్తుంటాను. మా అమ్మ బీపీ మాత్రలు వేసుకున్నదో లేదో ఇంత శ్రద్ధగా కనుక్కోనందుకు సిగ్గుపడుతున్నాను.

మా తాతకు ఒక చాకు ఉండేది. కొమ్ము పిడి, ఒకటే అలుగు, చుక్కలూ లేవు, నంబరూ లేదు. ఆయన దానితో పందుంపుల్ల విరిచేవాడు, పలుపుతాడు కోసేవాడు, పొగాకు కాడ చీల్చి చుట్ట చుట్టుకునేవాడు, వేసవిలో మామిడికాయను చెక్కులు చేసి ఉప్పూ కారం అద్ది మా చేతుల్లో పెట్టేవాడు. సాయంత్రం అరుగు రాయి మీద నాలుగు గీతలు గీసి బొటనవేలితో పదును చూసి మొలలో దోపుకునేవాడు. అరిగి అరిగి ఆ అలుగు విదియనాటి చంద్రుడంత సన్నబడింది. దాన్ని ఒకసారి ఇక్కడి చాకుల ప్రదర్శనకు తీసుకువెళితే, తలపండిన సేకర్త ఒకాయన భూతద్దంతో చూసి, అలుగు మూడొంతులు పోయిందనీ, దీనికి ధర కట్టడం అనవసరమనీ చెప్పి, చాలా మర్యాదగా వెనక్కి ఇచ్చాడు. నేను కూడా తల ఊపి వచ్చాను. తమరి కొలువులో పని చేస్తూ మరోలా ఎలా ప్రవర్తించగలను?

అసలు విషయానికి వస్తున్నాను. మహానవమి నాడు నేను కర్పూరం కోసం ఇండియన్ దుకాణానికి వెళ్లిన సమయంలో, మా ఆవిడ తమరి పెట్టె తెరిచింది. తిరిగి వచ్చేసరికి దేవుడి ముందు పీట మీద అరవై రెండు చాకులు వరుసగా పడుకుని ఉన్నాయి, ఒక్కొక్కదానికీ తడి పసుపు, మీద కుంకుమ బొట్టు. "ఏమండీ, ఆయుధపూజ అంటే ఆయుధాలకే కదా చేసేది. ఇన్ని చాకులు ఇంట్లో పెట్టుకుని కారుకూ కంప్యూటరుకూ బొట్టు పెట్టడం ఏం న్యాయం?" అని ఆమె అడిగిన ప్రశ్నకు నా దగ్గర శాస్త్రీయమైన జవాబు లేదు. అంతటితో ఆగినా బాగుండేది. గుమ్మానికి దిష్టి తీయడానికి నిమ్మకాయ కోయవలసి వచ్చి, వంటింటిదాకా వెళ్లడం ఎందుకని చేతికి అందిన చాకు తీసుకున్నది. అది తమరు.

నేను చూసే వేళకు గంట గడిచింది. నిమ్మరసం తగిలినంత మేరా అలుగు నీలంగా, బూడిద రంగుగా, ఒక అంచున నల్లగా మారింది. పిడి గాట్లలో కుంకుమ ఇంకింది. కొత్త చాకులు కొన్నవాళ్లు ఇదే రంగు కోసం అలుగుకు ఆవపిండి ముద్ద పూస్తారు, వెనిగరులో ముంచుతారు, రాత్రంతా యాపిల్ పండులో గుచ్చి ఉంచుతారు, పాటినా వచ్చిందని మురిసిపోతారు. తమరి విషయంలో మాత్రం అది కళంకం. మర్నాడే అదే సేకర్త దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఆరు చుక్కలూ లెక్కపెట్టాడు, నడకా పలుకూ చూశాడు, ఆ ఎర్రటి రంగు ఏమిటని అడిగాడు. దేవుడి బొట్టని చెప్పాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, తమరు ఇకమీదట యూజర్ అని తీర్పు ఇచ్చాడు. పని చేసిన చాకును మావాళ్లు పిలిచే పేరు అది, ధరలో సగానికి పైగా ఆ ఒక్క మాటతోనే పోతుంది.

యాభై ఏళ్ల పాటు కాపాడుకుంటూ వచ్చిన తమరి నిష్క్రియత్వం మా ఇంట్లో ఒక నిమ్మకాయ మీద భంగమైనందుకు నేను మనస్ఫూర్తిగా చింతిస్తున్నాను. పోయిన ధర ఎలాగూ పోయింది కనుక ఆ మరుసటి ఆదివారం తమరిని రాయి మీద నాలుగు గీతలు గీసి, ఒక మామిడికాయ కోసి చూశాను. చెక్కులు కాగితంలా వచ్చాయి. అప్పటి నుంచి మా ఆవిడ కూరగాయల దగ్గర తమరినే అడుగుతోంది. కనుక ఉద్యోగంలో చేరడానికి సిద్ధపడవలసిందిగా కోరుతున్నాను.

చాకును బహుమతిగా ఇస్తే స్నేహం తెగిపోతుందని ఇక్కడివారి నమ్మకం. పుచ్చుకున్నవారు ఒక నాణెం ఇచ్చి దాన్ని కొన్నట్లు లెక్క రాసుకోవాలి. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదని మన నమ్మకం. రెండింటినీ పాటించి నిన్న రాత్రి తమరిని భోజనాల బల్ల మీద పెట్టి, ఇక్కడి పద్ధతి ఆమెకు వివరించాను. ఆమె పోపుల డబ్బా పక్కనున్న గిన్నెలో వెతికి పాతిక సెంట్ల నాణెం ఒకటి నా ముందు పెట్టి, తమరిని అటూ ఇటూ తిప్పి చూసి, మిగతా చిల్లర ఎప్పుడిస్తారని అడిగింది.

ఇట్లు,
తమరి విధేయుడు,
1974 నాటి యూజర్