అభ్యంతరం ఉపసంహరించుకున్న తండ్రి

రొయ్యల ధర పడిపోతే మన నెల్లూరు జిల్లాలో ధర్నాలు చేస్తారు. సోమశిల నీళ్లు ఆలస్యమైతే అఖిలపక్షం కూర్చుంటుంది. కానీ యాభై దాటిన తండ్రులు మెడలో కెమెరా వేసుకుని చెన్నై బస్సెక్కి, జపాను బొమ్మల వేషాలు కట్టిన పిల్లలకు ఫోటోలు తీసొస్తున్నారన్న సంగతి మీద ఏ పార్టీ నోరు విప్పడం లేదు. కనీసం నేనైనా మాట్లాడాలి. పైగా ఆ తండ్రుల్లో ఒకాయన మా బావ.

బావ ఉండేది దర్గామిట్టలో. ఓ ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. ఫైలు మీద అభ్యంతరం రాయడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. నా మేనకోడలు చెన్నైలో బీటెక్ చదువుతూ అనిమేల, అంటే జపాను కార్టూన్ల పిచ్చిలో పడింది. ఇలాంటి వేషాలతో జనం చేరే కామిక్ కాన్ అనే మేళా హైదరాబాద్‌లో 2013 నుంచీ ఉంది గానీ, అంత దూరం ఎవరు పంపుతారు? 2024లో అది చెన్నైకి వచ్చేసింది. నెల్లూరులో టిఫిన్ చేసి బయల్దేరితే భోజనం వేళకి చేరే ఊరు చెన్నై. కొంప అక్కడే మునిగింది.

వేషం వేస్తానని పిల్ల చెప్పగానే బావ ఎగిరిపడ్డాడు. "నోటికి వెదురు ముక్క కట్టుకుని నలుగురిలో తిరుగుతావా? రేపు సంబంధాల వాళ్లు చూస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" పిల్ల తెలివైంది, వాదన పెట్టుకోలేదు. "సామాను మోయడానికి మనిషి కావాలి నాన్నా. పనిలో పనిగా నాలుగు ఫోటోలు కూడా తీద్దువు గానీ" అంది. అభ్యంతరం ఆ పూటే వెనక్కి పోయింది.

మన పెద్దల గురించి నాకో సిద్ధాంతం ఉంది. పిల్లలు చేసే పని తప్పని కాదు వాళ్ల బాధ, అందులో తమకు ఏ హోదా లేదని. పెళ్లిలో కూరలు బాలేవని గొణిగే పెద్దాయనకు వడ్డన అప్పజెప్పి చూడండి. అవే కూరలు అమృతమని విస్తరి విస్తరికీ తిరిగి చెబుతాడు. పిల్లలు ఊరికే ఏళ్ల తరబడి తగువులాడుతున్నారు గానీ, ఇంట్లో ఒక పదవి సృష్టించి నాన్నను అందులో కూర్చోబెడితే సరిపోతుంది.

పదవి వచ్చాక బావను పట్టలేకపోయాం. ముందు 50 ఎంఎం లెన్సు కొన్నాడు, అది చాల్లేదని 85 ఎంఎం, ఎఫ్ 1.8 తెప్పించాడు. దాంతో తీస్తే కళ్లు తేటగా, వెనకాల జనం మసకగా పడతారట. వెనకాల జనాన్ని మసకబార్చే యంత్రం చేతికొచ్చాక, నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ ఆయనకు పూర్తిగా తీరిపోయింది. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువుకెళ్లి, నీళ్లలో దిగి, లెన్సు రొట్టె ఎవరి దగ్గరుందని అడిగాడు. ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, వీసా రొట్టె కూడా దొరికే చోట అదొక్కటే లేకపోయింది.

హాల్లో పై నుంచి పడే లైట్లకు కళ్ల కింద నల్లగా నీడలొస్తాయని ఎక్కడో విన్నాడు. విరుగుడుగా, వెలుతురును ముఖం మీదికి తిప్పడానికి నిలువెత్తు థర్మాకోల్ షీటు ఒకటి తయారు. దాన్ని బస్సెక్కిస్తుంటే కండక్టరు లగేజీ టికెట్టు తీసుకోమన్నాడు. బావ దాన్ని వేలితో లేపి చూపించి, బరువు లేని వస్తువుకు టికెట్టు ఏ నిబంధన కింద కొడతారని అడిగాడు. గూడూరు వచ్చేదాకా అదే చర్చ.

సంచి సంగతి చెప్పాలి. కవచాలన్నీ చెప్పుల అట్టలకు వాడే ఈవీఏ ఫోమే. వేడి చేసి వంచుతారు, గ్లూ గన్‌తో అతికిస్తారు. మధ్యాహ్నం ఎండకి భుజం ఒకటి ఊడిందంటే వీరుడు కాస్తా కుర్రాడైపోతాడు. అందుకని బావ సంచిలో పిన్నీసులు, ఫెవిక్విక్, నల్ల టేపు, విగ్గుకు దువ్వెన. చుట్టుపక్కల రాక్షసులంతా "అంకుల్, ఒక పిన్నీసు" అంటూ ఈయన దగ్గరికే వస్తారు.

అయితే ఫోటో అంత తేలిగ్గా దొరకదు. "ఏ ఊరు? ఏ కాలేజీ? నాన్నగారేం చేస్తారు?" మొదట ఇవి తేలాలి. ఆరడుగుల కత్తి పట్టుకుని లోకాన్ని అంతం చేయడానికొచ్చిన ఓ కుర్రాడు, సప్లీలు ఎన్ని ఉన్నాయో బావ ముందు ఒప్పేసుకున్నాడు. ఫోటోలో వాడి కళ్లలో కనిపించిన విషాదం అసలైందే. దానికే లైకులు ఎక్కువొచ్చాయి.

ఇలాంటి చోట్ల అడక్కుండా ఫోటో తీయకూడదు, వేషగాళ్లను ముట్టుకోకూడదు. ఈ నియమం విని నాకు కళ్లు చెమర్చాయి. మన కళ్యాణమండపాల్లో సాంబారు ముద్ద నోటి దాకా వచ్చాకే వీడియో అబ్బాయి ముఖాన లైటు వేస్తాడు. ఆ ముద్ద మింగాలో, దించాలో, నవ్వాలో తేల్చుకోలేని ముఖంతో మన బంధువర్గమంతా ఆల్బముల్లో శాశ్వతంగా మిగిలింది. పెళ్లికూతురి గడ్డం పట్టి ఎటు కావాలంటే అటు తిప్పే హక్కు ఫోటోగ్రాఫరుకు ఎవరిచ్చారో తెలీదు. చూడబోతే రాక్షస వేషానికున్న మర్యాద మన పెళ్లికూతురికి లేదు.

బావకు మాత్రం టోక్యో కామికెట్ నియమం మరీ నచ్చింది. 1975లో మొదలైన ఆ మేళాకు ఇంటి నుంచే వేషం కట్టుకుని రావడం నిషేధం. అక్కడికొచ్చే మార్చుకోవాలి. "అదీ పరిపాలనంటే" అంటాడు.

బంధువులు ఎగతాళి చేస్తే చరిత్ర తీస్తాడు. 1939లో న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగితే, ఫారెస్ట్ అకర్‌మన్ అనే ఆయన భవిష్యత్తు మనిషి వేషంలో వెళ్లాడట, ఆ బట్టలు కుట్టింది మర్టిల్ డగ్లస్ అట. మా అక్క పొయ్యి దగ్గర నుంచే అంది: "కుట్టింది ఆవిడైతే ముందు ఆయన పేరెందుకు చెబుతున్నారు?" ఈ ఇంట్లో పిల్ల కోటుకు పచ్చ, నలుపు గళ్లు అతికింది తనేనన్న సంగతి ఎవరూ ఎత్తలేదని ఆవిడ కోపం. ఇంకేం, లెన్సు ఖర్చు మీద అభ్యంతరం లేచింది.

నా సిద్ధాంతం మీద నమ్మకంతో అక్కకూ ఒక పదవి ఇవ్వమని సలహా చెప్పాను. ఓ కాలేజీలో జరిగిన చిన్న అనిమే మేళాకు ఆవిడ భోజనాల ఇన్‌ఛార్జి హోదాలో వెళ్లింది. పులిహోర డబ్బా మూత తీసిందో లేదో, రెక్కలున్నవాళ్లు, కొమ్ములున్నవాళ్లు, తోకలున్నవాళ్లు అందరూ విస్తరాకు కప్పులతో వరస కట్టారు. థర్మాకోల్ షీటు పట్టుకున్న కుర్రాడు కూడా దాన్ని గోడకానించి వెళ్లిపోయాడు. బావ ఎదుట ఒక్క వేషమూ మిగల్లేదు.

హాల్లోకి బయటి తిండి తేవడం మీద నిర్వాహకులకు ఆయన ఇప్పుడు ఫిర్యాదు రాస్తున్నాడు. రెండు పేజీలు, మూడు అనుబంధాలు.