సగం వాక్యం చదివి కాపురాలు నడపకండి

ఇది రాయాలా వద్దా అని మూడు వారాలు తర్జనభర్జన పడ్డాను. మా సంఘం పెద్దలు చదువుతారని తెలుసు. చదవాలనే రాస్తున్నాను.

మా స్త్రీల కూడికలో ఒక అక్క ఉంది. పేరు, ఊరు చెప్పను. పెళ్లయి పదకొండేళ్లు. ఒక శుక్రవారం ప్రార్థన అయిపోయి అందరూ వెళ్లిపోయినా, చాపలు చుడుతూ ఉండిపోయింది. భర్త రాత్రిళ్లు తాగొచ్చి బలవంతం చేస్తాడట, వద్దంటే చెయ్యి చేసుకుంటాడట. పెద్దల దగ్గర చెప్పుకుంటే బైబిల్ తీసి మొదటి కొరింథీ (కొరింథు సంఘానికి పౌలు రాసిన మొదటి ఉత్తరం) 7:4 చూపించారట. "భర్తకేగాని భార్యకు తన దేహముపైని అధికారము లేదు." అంతే, ప్రార్థన చేసి పంపించేశారు. ఇదంతా చెబుతున్నంతసేపూ చాప అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూనే ఉంది. వేలు ఎర్రబడిపోయినా చూసుకోలేదు.

అయ్యా, ఆ వచనం అక్కడితో అయిపోదు. "ఆలాగున భార్యకేగాని భర్తకు తన దేహముపైని అధికారము లేదు" అని వెంటనే ఉంది. అసలు ఆనాటి రోమా సామ్రాజ్యంలో మొదటి సగం ఎవరికీ కొత్త కాదు. భార్య కట్టుబడి ఉండాలి, భర్త దాసీల దగ్గరికీ వేశ్యల దగ్గరికీ వెళ్లినా దాన్ని వ్యభిచారంగా లెక్కకట్టేవాళ్లు కాదు. కొరింథు వాళ్లని ఉలిక్కిపడేలా చేసి ఉంటే అది రెండో సగమే. మనం సరిగ్గా దాన్నే మింగేస్తున్నాం.

తర్వాతి వచనంలో ఒకరినొకరు ఎడబాయకూడదని ఉంది కదా అంటారు. ఉంది, ఇద్దరికీ ఉంది. "ఉభయుల సమ్మతి" అనే మాట కూడా అక్కడే ఉంది. అతని దేహం మీద ఆమెకి అధికారం ఉందని పౌలే అన్నాక, ఆమె ఆపమంటే ఆ చెయ్యి ఆగాలా వద్దా?

పెళ్లిళ్లలోనూ ఇదే వరస. ఎఫెసీ పత్రిక 5లో 22వ వచనం దగ్గర మొదలుపెడతారు, "స్త్రీలారా" అని, భార్యలు భర్తలకి లోబడాలన్న మాటతో. దాని పైన 21లో "ఒకనికొకడు లోబడియుండుడి" అని ఉంది. గ్రీకులో బాగా పాత ప్రతుల్లో కొన్నింటిలో 22కి సొంత క్రియే లేదు, 21లో ఉన్న "లోబడి" అన్నదాన్నే తెచ్చుకోవాలి. అంటే వాటిలో 21 లేకుండా 22 వాక్యమే కాదు. భర్త ప్రాణం పెట్టి ప్రేమించాలన్న 25 దగ్గరికొచ్చేసరికి మాత్రం ప్రసంగం త్వరగా ముగుస్తుంది. ఎన్ని పెళ్లిళ్లలో చూశానో!

ఇక పరమగీతం, బైబిల్లో ఉన్న ప్రేమ పాట. అది క్రీస్తుకీ సంఘానికీ మధ్య ప్రేమ అని చెప్పి దాటేస్తారు. ఆ అర్థం తప్పని నేననను, ఆ మాటలతో నేనూ ప్రార్థించాను. కానీ ఆ అర్థం నిలబడాలన్నా ముందు అది ఇద్దరు మనుషుల ప్రేమ కావాలి కదా. ఆదికాండం 3:16లో హవ్వతో దేవుడు చెప్పిన "వాంఛ"కి హెబ్రీలో తెషూకా అంటారు. బైబిల్ మొత్తంలో ఆ మాట మూడుచోట్లే వస్తుంది. హవ్వ దగ్గర వాంఛ ఆమెది, ఏలుబడి అతనిది. ఆమె కొడుకు కయీను దగ్గర వాంఛ పాపానిది. పరమగీతం 7:10లో వాంఛ ప్రియుడిది, ఏలుబడి మాటే లేదు. ఆ ఆనందంతో మాట్లాడుతున్నది కూడా ప్రియురాలే. ఏదెనులో పోయింది అక్కడ తిరిగి దొరికినట్టు ఉంటుంది నాకు, చదివిన ప్రతిసారీ. దీన్ని మన యవ్వనస్థుల కూడికలో ఎందుకు చెప్పరు? పిల్లలకి దేహం గురించి మనం చెప్పేదల్లా "జాగ్రత్త, పాపం" అనే. పెళ్లి రోజు రాత్రికల్లా అదే దేహం పరిశుద్ధమని వాళ్లు ఎలా నమ్ముతారు?

జనవరిలో మా చెల్లి పెళ్లి. వాక్యం నన్నే చదవమన్నారు. ఎఫెసీ 5ని 21 నుంచి చదువుతానని పాస్టరు అయ్యగారికి చెప్పాను. "ఎప్పుడూ 22 నుంచే కదమ్మా" అన్నారు. బైబిల్ తెరిచి చూసుకుని, కాసేపాగి, సరే అన్నారు.

ఆ అక్క ఇప్పుడు పుట్టింట్లో ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు రాజీ మాట్లాడటానికి వెళ్తున్నారట. బయల్దేరేముందు ఆ నాలుగో వచనం చివరిదాకా చదవండి. అక్కడికి వెళ్లాక ఆ భర్త ముందు పైకి చదవండి.