దండలు కౌసిల్లాకి, నోటీసులు కూలీలకి

ఈ రోజు మార్చి 6. దక్షిణ అమెరికాలోని గయానాలో చెరకు కూలీల సంఘం ప్రతి ఏటా లాగే, 1964 సమ్మెలో ట్రాక్టరు కింద నలిగి చనిపోయిన కౌసిల్లా పేరు తలుచుకుంటుంది. దండలు వేస్తారు, నాయకులు మైకు పట్టుకుంటారు. ఎల్లుండి మహిళా దినోత్సవం కాబట్టి ‘వీరవనిత’ అనే మాట రెండు మూడుసార్లు ఎక్కువే దొర్లుతుంది. తొమ్మిదో తేదీ తెల్లారేసరికి అంతా మామూలే. ఈ దండలు వేసే చేతులు మిగతా ఏడాదంతా ఏం చేస్తున్నాయని ఈ ఒక్క రోజైనా గట్టిగా అడగాలి. ఆ ప్రశ్న గయానా వాళ్ళకే కాదు, మనకూ తగులుతుంది.

కథ ఇదీ. 1964 ఫిబ్రవరిలో, అప్పటి బ్రిటిష్ గయానాలో చెరకు కూలీలు సమ్మెకు దిగారు. వాళ్ళు అడిగింది ఒక్కటే: మా తరఫున ఏ సంఘం మాట్లాడాలో మమ్మల్నే తేల్చుకోనివ్వండి. మార్చి 6న లియొనోరా చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే వంతెన మీద ఆడవాళ్ళు బైఠాయించారు. సమ్మెను కాదని పనిలోకి వచ్చిన ఒకడు ట్రాక్టరు తీశాడు. వాళ్ళు లేవలేదు. ట్రాక్టరు ఆగలేదు. నలభై నాలుగేళ్ళ కౌసిల్లా, నలుగురు బిడ్డల తల్లి, దాని కింద నలిగి చనిపోయింది. జగ్దాయి, డెయిసీ అనే మరో ఇద్దరు నడుములు విరిగి బతికినంతకాలం అవిటివాళ్ళయ్యారు. డ్రైవరు మీద కేసు నడిచింది, చివరికి అతను బయటపడ్డాడు.

ఆ రోజు వంతెన మీద ఆమె ఊరికే వచ్చి కూచోలేదు. సంఘంలో తిరిగిన మనిషి, 1953లో పుట్టిన మహిళా సంఘం ఉమెన్స్ ప్రోగ్రెసివ్ ఆర్గనైజేషన్‌లో పనిచేసిన మనిషి. చెరకు తోటల్లో ఆడవాళ్ళ బతుకు తెలిస్తే ఈ మాట బరువు అర్థమవుతుంది. చీకటితోనే లేచి రొట్టెలు కాల్చి, పిల్లలకి పెట్టి, మొగుడికి కట్టిచ్చి, తలకు ఓర్నీ బిగించుకుని తోటకు నడవాలి. కలుపు తీసే గ్యాంగులో పని. మోకాళ్ళ దాకా బురద, చెరకాకు కోతలు, నెత్తిన ఎండ. కూలి మాత్రం మగవాళ్ళకంటే తక్కువ. సాయంత్రం ఇంటికొస్తే మళ్ళీ పొయ్యి. ఇంత పని చేసి, పక్కింటామెను లేపి, ఎదురింటామెను ఒప్పించి, నలుగురినీ వంతెన దాకా నడిపించడమంటే మాటలు కాదు. ఉపన్యాసాల్లో ఈ కష్టం వినపడదు. వినపడేది ట్రాక్టరు ఒక్కటే. ఆమె చావు మీద పేజీలకు పేజీలు, ఆమె చేసిన పని మీద రెండు లైన్లు. చచ్చిపోయిన ఆడదాన్ని పూజించడం సులువు, బతికుండి అడిగే ఆడదాన్ని భరించడమే కష్టం!

ఆ తోటల్లో ఆడవాళ్ళు ఎదురు తిరగడం కౌసిల్లాతో మొదలైందీ కాదు. 1884లో పక్కనున్న సురినామ్‌లో జానీ తేతరీ అనే కూలీ స్త్రీ తిరగబడితే సైనికులు కాల్చి చంపారు. 1896లో బ్రిటిష్ గయానాలోని నాన్ పరేల్ తోటలో తెల్ల అధికారి ఒక కూలీ భార్యను వశం చేసుకున్నాడన్న కోపం జీతాల గొడవకు తోడై, కాల్పుల్లో ఐదుగురు పోయారు. 1939లో, ఇదే లియొనోరాలో, పోలీసు తూటాలకు నలుగురు బలైతే అందులో సుమింత్ర అనే స్త్రీ ఉంది. ఒకే ఊరు, పాతికేళ్ళ తేడా, రెండుసార్లూ నేల మీద ఆడమనిషి నెత్తురు.

1939 దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మోసం అక్కడే పుట్టింది. ఆ నాలుగు చావుల తర్వాతే తోటల యజమానులు మొట్టమొదటిసారి ఒక కార్మిక సంఘాన్ని గుర్తించారు. దాని పేరు మ్యాన్ పవర్ సిటిజన్స్ అసోసియేషన్. కూలీల నెత్తుటి మీద గుర్తింపు తెచ్చుకున్న ఆ సంఘం ఏళ్ళు తిరిగేసరికి యజమానుల బల్ల పక్కన కుర్చీ వేసుకుంది. 1948లో ఎన్మోర్‌లో ఐదుగురు కూలీలు తూటాలకు కూలాక కూలీలకు దాని మీద మిగిలిన నమ్మకం కూడా పోయింది. ‘మా సంఘం ఏదో ఓటింగు పెట్టి తేల్చండి’ అన్న కోరిక అలా ముదిరింది. 1953లో అక్కడి నాయకుడు ఛెడ్డీ జగన్ ప్రభుత్వం అందుకోసం బిల్లు తెస్తే బ్రిటన్ రాజ్యాంగాన్నే సస్పెండ్ చేసి, 133 రోజుల ప్రభుత్వాన్ని ఇంటికి పంపింది. 1963లో మళ్ళీ ఆ బిల్లే తెస్తే 80 రోజుల సార్వత్రిక సమ్మెతో దేశం స్తంభించింది, దాని వెనక అమెరికా గూఢచారి సంస్థ డబ్బుంది. చెరకు నరికే మనిషి చేతికి ఒక బ్యాలెట్ కాగితం ఇవ్వడానికి ఇంత మంది పెద్దమనుషులకు ఇంత టెన్షన్ ఎందుకో! కౌసిల్లా ప్రాణం పెట్టింది ఆ కాగితం కోసమే.

చివరికి పోలింగ్ 1975 డిసెంబరు 31న జరిగింది. ఆమె పోయిన పదకొండేళ్ళకు. నూటికి 98 ఓట్లు ఆమె సంఘానికే పడ్డాయి. పోలింగ్ ఎందుకు వద్దన్నారో ఆ అంకె చూస్తే తెలిసిపోతుంది.

ఆ సమ్మె వెనక పార్టీ రాజకీయం ఉందనీ, సమ్మెదారులూ హింసకు దిగారనీ, ఆ ఏడాది జాతి ఘర్షణల్లో 176 మంది చనిపోయారనీ, అరవై ఏళ్ళ నాటి పరాయి దేశపు గొడవ మనకెందుకనీ కొందరు అంటారు. మొదటి మూడూ నిజాలే. కూచున్న ఆడవాళ్ళ మీదికి ట్రాక్టరు ఎక్కించడాన్ని అవేవీ కడిగెయ్యవు. నాలుగోది మాత్రం తప్పించుకునే మాట. పరాయి గొడవ ఎలా అవుతుంది? 1838 నుంచి 1917 దాకా సుమారు 2 లక్షల 39 వేల మందిని మన రేవుల్లోంచే గయానాకు ఓడలెక్కించారు. ఎక్కువమంది కలకత్తా నుంచి వెళ్ళినా, మద్రాసు రేవు నుంచి అరవవాళ్ళతో పాటు తెలుగువాళ్ళూ వెళ్ళారు. ‘మద్రాసీలు’ అన్న పేరు కింద మన ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు అన్నీ కలిసిపోయాయి. మారెమ్మ కొలుపు మాత్రం ఆ నేల మీద ఇప్పటికీ మిగిలే ఉంది.

ఆ బంధుత్వం మన ప్రభుత్వానికి అవసరమైనప్పుడు బాగానే గుర్తొస్తుంది. 2023లో ఇండోర్ ప్రవాసీ భారతీయ దివస్‌కు గయానా అధ్యక్షుడు ఇర్ఫాన్ అలీ ముఖ్య అతిథి. 2024 నవంబరులో ప్రధాని మోదీ జార్జ్‌టౌన్ వెళ్ళారు, పార్లమెంటులో ప్రసంగించారు, ఆ దేశపు అత్యున్నత పురస్కారం అందుకున్నారు. 2025 జులైలో ట్రినిడాడ్‌లో, ఆరో తరం వారసులకు కూడా ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డులిస్తామన్నారు. సంతోషమే. కార్డులివ్వాల్సిందే, పండగలు చేసుకోవాల్సిందే. కానీ అధ్యక్షుడైన మనవడు మనవాడు, ట్రాక్టరు కింద పడ్డ అమ్మమ్మ ఎవరో! గెలిచినవాళ్ళను చుట్టాలనుకోవడం, కూలి చేసినవాళ్ళను చరిత్ర అనుకోవడం. దీన్ని ద్వంద్వనీతి అనకపోతే ఇంకేమంటారు?

ఇటు గయానా పాలకులదీ అదే బాట. కౌసిల్లా ప్రాణం పోయిన లియొనోరాలోని ఫ్యాక్టరీ 1980ల్లోనే మూతపడింది. 2016, 2017ల్లో అప్పటి ప్రభుత్వం వేల్స్, రోజ్ హాల్, స్కెల్డన్, ఈస్ట్ డెమెరారా తోటలను వరసగా మూసేసింది. వేల కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడ్డాయి. 2019 చివర నుంచి ఆ దేశ సముద్రంలో చమురు పొంగుతోంది, ఆర్థిక వ్యవస్థ ప్రపంచంలోనే వేగంగా పెరుగుతోందని చప్పట్లు. 2020లో కౌసిల్లాను తమ మనిషిగా చెప్పుకునే ఛెడ్డీ జగన్ పార్టీయే మళ్ళీ గద్దెనెక్కింది. రోజ్ హాల్‌ను తెరిచింది, మెచ్చుకుందాం. మరి ఆడవాళ్ళ సంగతి? జీవిత భాగస్వామి చేతుల్లో ఏదో ఒక రూపంలో హింసకు గురైనవాళ్ళు గయానాలో భాగస్వామి ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న మహిళల్లో సగానికి పైనే అని 2019లో విడుదలైన జాతీయ సర్వే చెప్పింది. ఇండియన్, ఆఫ్రికన్, ఆదివాసీ తేడా లేకుండా కింది తరగతి ఆడవాళ్ళను ఒక్కచోటికి చేర్చిన రెడ్ థ్రెడ్ లాంటి సంఘం 1986 నుంచీ చెబుతున్నది ఇదే: ఇంటిపనీ పనే, ఇంట్లో దెబ్బలూ రాజకీయమే. వేదికల మీద కౌసిల్లా ఫొటోకు దండ వేసే మగ నాయకులకు ఈ మాట వినే ఓపిక ఎప్పుడూ తక్కువే.

ఇక మన ముచ్చట. ఐలమ్మ పేరు యూనివర్సిటీకి పెట్టుకున్నాం, విగ్రహాలు పెట్టుకున్నాం, మంచిదే. అదే మన నేల మీద, 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు జీతం కోసం, గ్రాట్యుటీ కోసం రోడ్డెక్కితే ఏం చేశారు? 42 రోజులు సమ్మె నడిచింది. మధ్యలో ప్రభుత్వం ఎస్మా బయటికి తీసింది, ఉద్యోగాలు తీసేస్తామని నోటీసులు పంపింది. పసిపిల్లలకు గుడ్డు, పప్పు వండిపెట్టే ఆడవాళ్ళ మీద అత్యవసర సేవల చట్టం! ఆనాడు అధికారంలో ఉన్నవాళ్ళు ఇప్పుడు ప్రతిపక్షంలో కూచుని మహిళల కన్నీళ్ళ గురించి మాట్లాడుతున్నారు. ఆనాడు శిబిరాల దగ్గరికి వెళ్ళి హామీలిచ్చినవాళ్ళు ఇప్పుడు గద్దె మీద ఉన్నారు, ఇచ్చిన మాటలు వాళ్ళకు గుర్తున్నాయా? ఈ పత్రిక ఇద్దరినీ అడుగుతోంది.

కేంద్రం సంగతీ చూడండి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. ఇక ఏ ఫ్యాక్టరీలోనైనా సమ్మె చెయ్యాలంటే 14 రోజుల ముందు నోటీసివ్వాలి. సగం మంది కలిసి ఒకేరోజు సెలవు పెట్టినా అది సమ్మె లెక్కే. పరిశ్రమలకు స్థిరత్వం కావాలన్నది ప్రభుత్వ వాదన. 1964లో గయానా తోటల యజమానులకు కావాల్సిందీ అదే. ఆ స్థిరత్వం కోసమే వాళ్ళు కూలీలకు నచ్చని సంఘాన్ని కూలీల నెత్తిన పాతికేళ్ళు పెట్టి కూచోబెట్టారు. దాని చివర ఏం జరిగిందో లియొనోరా వంతెన చెబుతుంది.

మా భయం అంతా ఒక్క ఆనవాయితీ గురించి. నిరసనకారుల మీదికి బండి ఎక్కించినా కేసు ఏళ్ళ తరబడి సాగుతుంది, చివరికి ఏమీ కాదు అన్న ధీమా. లియొనోరా కేసులో జ్యూరీ డ్రైవరును వదిలేసినప్పుడు ఆ ధీమాకు పునాది పడింది. 2021 అక్టోబరు 3న లఖింపుర్ ఖేరీలో నిరసనకు వచ్చిన రైతుల మీదికి వాహనాలు దూసుకెళ్ళాయి. నలుగురు రైతులు, ఒక విలేకరి పోయారు. కోర్టు తేల్చాల్సింది కోర్టే తేలుస్తుంది, మేం తీర్పు చెప్పం. కానీ ఆ కుటుంబాలు ఇన్నేళ్ళుగా వాయిదాల చుట్టూ తిరుగుతుంటే, ప్రవాస భారతీయుల త్యాగాల గురించి వేదికల మీద గద్గద స్వరాలు వినాలంటే చెవులకు ఇబ్బందిగా ఉంది.

సురినామ్ వాళ్ళు కనీసం ఒక పని చేశారు. 2017లో రాజధాని పారామారిబోలో, ఒకప్పుడు కూలీల మీద అజమాయిషీ చేసిన అధికారి విగ్రహం నిలిచిన చోటే జానీ తేతరీ విగ్రహం పెట్టారు. విగ్రహాల మీద మాకు పెద్ద మోజు లేదు, అయినా అందులో ఒక తెగింపు ఉంది. ఎవరిని దించి ఎవరిని ఎక్కించాలో వాళ్ళు తేల్చుకున్నారు. మనం ఇంకా ఇద్దరికీ ఒకే చేత్తో దండ వేస్తున్నాం.

వచ్చే ప్రవాసీ దివస్ వేదికెక్కే నాయకులారా, ‘గిర్మిటియా’ (ఒప్పందం మీద ఓడెక్కిన కూలీ) అన్న మాట మీ నోట వచ్చే ముందు రెండు పనులు చెయ్యండి. సంఘాన్ని ఎన్నుకునే హక్కునూ సమ్మె హక్కునూ నోటీసుల కింద నొక్కే నిబంధనలు తీసెయ్యండి. అంగన్‌వాడీ టీచరుకు, ఆయాకు రాతపూర్వకంగా ఇచ్చిన ప్రతి హామీ తేదీతో సహా అమలు చెయ్యండి. ఆ రెండూ చేతకాకపోతే కౌసిల్లా పేరు మీ ఉపన్యాసంలో పెట్టుకోకండి. ఆమె మీ ఓట్ల కోసం వంతెన మీద కూచోలేదు.