మెటల్‌లో బేస్ వినపడదా? ముందు ఆ ఫోన్ స్పీకర్ పక్కన పెట్టండి

రెండు వారాలుగా ఒకటే పోస్టు నాకు ఎంతమంది పంపారో లెక్కే లేదు. మా బ్యాండ్ గ్రూపులోనే మూడుసార్లు వచ్చింది, అందులో ఒకసారి పంపింది మా గిటారిస్టే, కింద నవ్వి నవ్వి ఏడ్చే బొమ్మలు నాలుగు పెట్టి మరీ. సంగతేంటంటే, మెటల్ (గిటార్లు గట్టిగా మోగే హెవీ మెటల్ సంగీతం) బ్యాండ్‌లో బేస్, అంటే గిటార్ కంటే కింది స్వరాలు పలికే నాలుగు లావు తీగల గిటార్, వాయించేవాడు పెళ్లి ఫోటోలో చివరి వరసలో నిల్చున్న దూరపు చుట్టం లాంటోడట, ఉన్నా లేకపోయినా ఎవడూ పట్టించుకోడట. దానికి ఐదు కారణాలు రాశాడు. ఎలాగూ వినపడదు, మెటాలికా లాంటి పెద్ద మెటల్ బ్యాండ్ వాళ్లే ఒక ఆల్బమ్‌లో బేస్ మొత్తం తీసేశారు. గిటార్ వాయించిందే కింద కాపీ కొడతారు. నాలుగు తీగలే కాబట్టి ఈజీ. గిటార్ రానోళ్లే బేస్‌కి వస్తారు. ఇప్పుడు ఎనిమిది తీగల గిటార్లు వచ్చాక ఇక బేస్‌తో పనే లేదు.

నేను తొమ్మిదేళ్లుగా వాయిస్తున్నా, పగలు ఆఫీసు, శనివారం రాత్రి జామ్. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని బాస్ గిటార్ అనే అంటారు, బాస్ అంటే చిరంజీవి ఒక్కడే కదరా మధ్యలో ఈ గిటారేంటి అని మా బాబాయ్ ప్రతి సంక్రాంతికీ అదే జోకు వేస్తాడు. కాబట్టి వెక్కిరింపులు నాకు కొత్త కాదు, పడ్డా కూడా. కానీ ఈ పోస్టులో వెక్కిరింపు కంటే తప్పులే ఎక్కువున్నాయి, అందుకే కూర్చుని రాస్తున్నా.

వినపడదు అనేదానితో మొదలెడదాం. అసలు దేంట్లో వింటున్నారు? మామూలు బేస్ మీద అన్నిటికంటే లావు తీగ, ఇంగ్లీషు E అక్షరంతో పిలిచే స్వరం, 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 41 సార్లు ఊగుతూ మోగుతుంది, గిటార్ మీద లావు తీగ 82 దగ్గర. ఫోన్ స్పీకర్ 200 కిందకి వచ్చేసరికి దాదాపు చేతులెత్తేస్తుంది. అంటే మీ ఫోన్‌లో ఆ 41 అస్సలు రావట్లేదు, దాని పైన పుట్టే హార్మోనిక్స్, అంటే అదే తీగ నుంచి వచ్చే పై స్వరాలు, కొంచెం వస్తే వాటిని పట్టుకుని మెదడు మిగతాది ఊహించుకుంటోంది. ఇందులో బేస్ వాయించినోడి తప్పేముంది చెప్పండి.

ఇంకోటి, మెటల్‌లో బేస్ విడిగా వినపడకపోవడానికి అసలు కారణం అది గిటార్‌తో కలిసిపోవడం. మీరు "అబ్బా గిటార్ ఎంత బరువుగా ఉందిరా" అంటున్నప్పుడు ఆ బరువులో చాలా భాగం గిటార్‌ది కాదు. అన్ని వాయిద్యాల ట్రాకులూ కలిపి మిక్స్ చేసేటప్పుడు గిటార్ల అడుగు భాగాన్ని ఫిల్టర్ పెట్టి కోసేస్తారు, సుమారు 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా, ఎందుకంటే అక్కడ కాలితో కొట్టే కిక్ డ్రమ్మూ బేసూ ఉండాలి. గిటార్ ట్రాక్ ఒక్కటే సోలో చేసి వినండి, ఇదేనా మనం విన్న గిటార్ అని అనుమానం వస్తుంది, చెవి దగ్గర కందిరీగ తిరిగినట్టుంటుంది.

నాకు ఇది పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. మూడేళ్ల క్రితం ఒక కాలేజీ ఫెస్ట్‌లో రెండో పాట మధ్యలో నా కేబుల్ చచ్చిపోయింది, జాక్ దగ్గర వైరు తెగింది. నా యాంప్ సౌండ్ ఆగిందని నేను గుర్తుపట్టే లోపే ముందు వరసలో తల ఊపుతున్న కుర్రాళ్లు ఊపడం ఆపేశారు. ఏం పోయిందో వాళ్లకి తెలీదు, ఒకడు అయితే డ్రమ్స్ వైపు చూస్తున్నాడు, ఇంకొకడు స్పీకర్ పోయిందేమో అని పక్కోడిని అడుగుతున్నాడు. సన్నాయి మేళంలో శ్రుతి పట్టేవాడి వైపు ఎవరూ చూడరు, ఆయన ఒక్క నిమిషం ఆపితే మాత్రం పెళ్లికొడుకు కూడా తల తిప్పుతాడు, అచ్చం అలాగే. సౌండ్ అన్న ఇంకో కేబుల్ విసిరాడు, పెట్టాను, మళ్లీ తలలు ఊగాయి. ఆ రోజు నా వైపు ఎవడూ చూళ్లేదన్నది కూడా నిజమే, ఒప్పుకుంటా.

అసలు మన తెలుగోళ్లకి బేస్ వినపడదంటే నేను నమ్మను. ఇళయరాజా పాటల్లో శశిధరన్ గారు వాయించిన బేస్ లైన్లని నోటితో డుం డుం అని పాడుకునే మావయ్యలు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు, అది బేస్ గిటార్ అని వాళ్లకి పేరు తెలీకపోవచ్చు అంతే.

ఇక మెటాలికా సంగతి. పోస్టు రాసినోడు దీన్నే బ్రహ్మాస్త్రం అనుకున్నాడు గానీ తిరిగి వాడికే తగులుతుంది. 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో టూర్ బస్సు బోల్తా పడి వాళ్ల బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ చనిపోయాడు, 24 ఏళ్లు. ఆ తర్వాత వచ్చినోడు జేసన్ న్యూస్టెడ్. అతనితో చేసిన మొదటి ఫుల్ ఆల్బమ్ 1988లో వచ్చిన అండ్ జస్టిస్ ఫర్ ఆల్. అందులో బేస్ తీసేయలేదు, రికార్డ్ చేశారు, ఉంది, మిక్స్‌లో తొక్కేశారు. మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు, బేస్ తగ్గించు ఇంకా తగ్గించు అని అడిగింది డ్రమ్మర్ లార్స్ ఉల్రిచే అని. దానికి తోడు జేసన్ చాలా చోట్ల రిథమ్ గిటార్ రిఫ్‌నే (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క) ఫాలో అయ్యాడు, ఆ గిటార్ టోనేమో మధ్య స్వరాలు (మిడ్స్) తీసేసి అడుగు పెంచిన టోను, రెండూ ఒకే చోట కూర్చుంటే గొంతు పెద్దదున్నోడే వినపడతాడు.

సరే, ఫలితం ఏంటి? బేస్ లేకపోయినా ఎవడికీ తెలీదు అనేదే నిజమైతే ఈ పాటికి ఆ గొడవ ఎవడికీ గుర్తుండకూడదు. కానీ ముప్ఫై ఐదేళ్లు దాటినా ఆ ఆల్బమ్ పేరెత్తగానే జనం మాట్లాడేది ఆ ఎండిపోయిన సౌండ్ గురించే. బేస్ పెంచి ఫ్యాన్సే సొంతంగా మిక్సులు చేసుకున్నారు, అండ్ జస్టిస్ ఫర్ జేసన్ అని పేరు పెట్టి మరీ. 2018లో పాత రికార్డింగ్‌కి మెరుగులు దిద్దిన రీమాస్టర్ వచ్చినప్పుడు కూడా మిక్స్ ముట్టుకోలేదని మళ్లీ గొడవ. 1991లో బాబ్ రాక్ ప్రొడ్యూసర్‌గా చేసిన తర్వాతి ఆల్బమ్ పెట్టి చూడండి, అదే బ్యాండు, అదే జేసన్, బేస్ పైకి వచ్చింది, సౌండు గుండెల మీద కూర్చుంటుంది. బేస్ అక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే చెత్త ఉదాహరణ దొరకదు.

కాపీ కొడతారు అన్న పాయింట్‌లో సగం నిజం ఉంది, చాలా చోట్ల గిటార్ రిఫ్‌నే ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద వాయిస్తాం. కానీ ఏది వాయించాలి ఏది వదలాలి అన్నదే పని. మా పాట ఒకదాంట్లో రిఫ్‌లో ఏడు దెబ్బలు ఉంటాయి, కిక్ నాలుగింటి మీదే పడుతుంది. ఆర్నెల్లు నేను కూడా ఏడూ వాయించాను, ఏదో చప్పగా ఉండేది. ఒకరోజు విసుగొచ్చి కిక్ పడే నాలుగే వాయించి మిగతా మూడు వదిలేశా. డ్రమ్మర్ వాయించడం ఆపి "ఏం చేశావ్ ఇప్పుడు" అన్నాడు. ఏం చేయలేదు రా బాబూ, మూడు దెబ్బలు తగ్గించా.

పైగా ఈ సంగీతం పుట్టిందే బేస్ ముందుండి. 1970లో బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్‌లో వాళ్ల బేసిస్ట్ గీజర్ బట్లర్ ఒక్కడే వా పెడల్ (సౌండుని వా వా అనిపించే పెడల్) తొక్కి వాయించే చోటుంది. స్టేజీ మీద గిటారిస్ట్ టోనీ అయోమీ సోలోకి వెళ్తే వెనక రెండో గిటార్ లేదు, కింద మొత్తం మోసింది గీజరే, పాటల మాటలు కూడా చాలావరకు ఆయన రాసినవే. మెటాలికా 1984 ఆల్బమ్‌లో గంట మోగాక వచ్చే ఆ రాపిడి సౌండు గిటార్ అనుకుంటారు సగం మంది, అది క్లిఫ్ బర్టన్ బేస్, డిస్టార్షనూ వా కలిపి. ఐరన్ మెయిడెన్ బ్యాండు పెట్టింది బేసిస్ట్ స్టీవ్ హారిస్, 1975లో, ఎక్కువ పాటలు రాసేదీ అతనే. 2007 మార్చిలో వాళ్లు బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు నేను రాత్రి బస్సెక్కి వెళ్లాను, వెనక ఎక్కడో నిల్చున్నా ఆ టక టక టక గుర్రం పరుగు లాంటి హారిస్ బేస్ వినపడింది, గిటార్ల కంటే ముందు వినపడింది. డెత్ అనే బ్యాండు 1993 ఆల్బమ్‌లో స్టీవ్ డిజోర్జియో ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) లేని బేస్ మీద వాయించినదాన్ని కాపీ అనేవాడు ఒక్కసారి ఆ ఆల్బమ్ విని వచ్చి మాట్లాడాలి.

నాలుగు తీగలేగా ఈజీ అంటారు. టేపు తెచ్చుకోండి. మామూలు బేస్‌లో తీగ మోగే పొడవు 34 అంగుళాలు, ఫెండర్ టైపు గిటార్‌లో 25న్నర. మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా బేస్ మీద అయిదు అంగుళాలు దాటుతుంది, గిటార్ మీద నాలుగు కూడా ఉండదు. లావు తీగ మందం మామూలు సెట్లో రెండున్నర మిల్లీమీటర్ల పైనే, గిటార్‌ది ఒకటి దాటి కొంచెం. నిమిషానికి 200 బీట్ల టెంపోలో బీటుకి నాలుగు నోట్లు వాయించాలంటే సెకనుకి 13 దెబ్బలు, రెండు వేళ్లతో. అందుకే క్యానిబల్ కార్ప్స్ బ్యాండ్ బేసిస్ట్ అలెక్స్ వెబ్‌స్టర్ మూడో వేలు కూడా దింపాడు. వేళ్లతో కాకుండా పిక్ అనే చిన్న ముక్కతో వాయిస్తే మోసం అనే బ్యాచ్ ఒకటుంది, వాళ్లు వెళ్లి మోటార్‌హెడ్ బేసిస్ట్ లెమ్మీ వాయించింది విని రండి, నాకు ఓపిక లేదు.

కానీ అసలు కష్టం వాయించడం కాదు, వాయించని తీగల్ని నోరు మూయించడం. గెయిన్ (సౌండుని గరగరలాడేలా పెంచే సెట్టింగ్) పెట్టిన బేస్‌లో మీరు ముట్టని తీగ కూడా పక్క తీగ మోతకి తనంతట తనే ఊగి మూలుగుతుంది. కుడి బొటనవేలు ఒక తీగ మీద పడుకోవాలి, ఎడమ చేతి ఖాళీ వేళ్లు మిగతా వాటిని తాకి ఉండాలి, నొక్కకూడదు, తాకాలి అంతే. మొదటిసారి రికార్డింగ్‌కి వెళ్లినప్పుడు ఇంజినీర్ నా ట్రాక్ ఒక్కటే సోలో చేసి పెట్టాడు. నోటుకీ నోటుకీ మధ్య ఉండాల్సిన ఖాళీలో పాత ఫ్రిజ్ లాగా ఒకటే గుయ్య్ మని మోత. అందరి ముందూ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోమే కొత్త స్పాంజి కోసి తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చి నెల రోజులు ప్రాక్టీస్ చేశా, మా అమ్మ ఆ స్పాంజి గురించి ఇంకా అడుగుతుంది.

గిటార్ రానోళ్లే వస్తారంటే, గిటార్ నుంచి వచ్చినోళ్లు ఉన్నారు, గీజర్ బట్లర్ రిథమ్ గిటార్ వాయించేవాడు, లెమ్మీ కూడా గిటారిస్టే, చేతకాక కాదు, బ్యాండ్‌లో ఖాళీ అక్కడుంది. స్టీవ్ హారిస్‌కి అసలు డ్రమ్స్ వాయించాలనుండేది, ఇంట్లో చోటు లేక బేస్ కొన్నాడు. చాలు.

చివరిది ఎనిమిది తీగల గిటార్. దాని లావు తీగ మామూలు ట్యూనింగ్‌లో 46 హెర్ట్జ్, బేస్ దగ్గరికే వచ్చేసింది, నిజమే. మరి ఆ గిటార్లకి పేరుపడ్డ మెషుగ్గా వాళ్లు బేసిస్ట్‌ని ఇంటికి పంపారా? లేదు, డిక్ లోవ్‌గ్రెన్ 2004 నుంచి వాళ్లతోనే ఉన్నాడు. అంత కింద గిటార్‌కి ఫుల్ గెయిన్ ఇస్తే బురద అవుతుంది, అందుకే గిటార్ అడుగు కోస్తారు, కోశాక ఆ ఖాళీలో ఎవడో ఒకడు నిలబడాలి. బేస్ లేకుండా నడిచిన బ్యాండ్లు లేవా అంటే ఉన్నాయి, పిగ్ డిస్ట్రాయర్ 1997 నుంచి ఏళ్ల తరబడి బేసిస్ట్ లేకుండానే అదరగొట్టారు, నాకు ఇష్టం కూడా. 2013లో వాళ్లు కూడా ఒకణ్ని తెచ్చుకున్నారు.

మా గిటారిస్ట్‌కి ఇదంతా గ్రూపులోనే పెడదామనుకున్నా గానీ అంత పొడుగుంటే వాడు చదవడు. ఈ శనివారం జామ్‌లో మొదటి పాటకి నేను వాల్యూమ్ సున్నా చేసి ఊరికే నిలబడతా, ఎన్ని నిమిషాలకి వాడు వెనక్కి తిరిగి "నీ యాంప్‌కి ఏమైంది రా" అంటాడో డ్రమ్మరూ నేనూ టీ పందెం వేసుకున్నాం. నేను ఒక నిమిషం అన్నా, డ్రమ్మర్ పది సెకన్లు అంటున్నాడు.